ఇరవై ఐదు అనే అంకె

ఈ టపాలో సి.కె.నాయుడు గురించీ, వి.వి.ఎస్.లక్ష్మణ్ గురించీ, మంచు మీద హాకీ ఆడే దేశాల గోల్‌కీపర్ల గురించీ రాయబోతున్నాను. వీరికీ మా ఊరు అలంపురానికీ సంబంధమేమిటని మిత్రులు అడగవచ్చు. సంబంధం మా తాత. ఒకప్పుడు ఆయనతో ఒక వాదంలో నేను గెలిచాను. ఆ గెలుపు గెలుపు కాదని నాకు తెలిసివచ్చేసరికి ఆయన లేరు.

2001 మార్చి నెల. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు. ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. ద్రావిడ్‌తో కలిసి నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడకుండా ఆడాడు. మన హైదరాబాదు కుర్రవాడు చేసిన ఆ పని చూసి మా ఇంట్లో అందరం టీవీ ముందునుంచి కదల్లేదు. తాతకు అప్పటికి ఎనభై ఐదేళ్ళు దాటాయి. ఆట ముగిశాక నిదానంగా అన్నారు: "బాగా ఆడినాడు. మా కాలంలో నాయుడుండె. ఆయన కొడితే బంతి మళ్ళ కనపడకపోయేది."

నిజాం రాజ్యంలో అలంపురం రాయచూరు జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసింది. ఇప్పుడు జోగుళాంబ గద్వాల జిల్లా. తాత చదువుకోసం హైదరాబాదు వెళ్ళినప్పుడు సికింద్రాబాదులో మొయినుద్దౌలా కప్పు ఆటలు చూసేవారట. నాయుడును చూసింది అక్కడే. ఆ కథ మేము చిన్నప్పటినుంచీ వింటున్నదే. చెప్పిన ప్రతిసారీ సిక్సర్లు ఒకటి రెండు పెరిగేవి కూడా.

నాకు అప్పుడు అంకెల పిచ్చి. "తాతా, నాయుడు టెస్టు సగటు ఇరవై ఐదు. ఒక్క సెంచరీ కూడా లేదు. లక్ష్మణ్‌తో పోలికేంది?" అన్నాను. ఇంట్లోవాళ్ళు నవ్వారు. తాత కాసేపు నా ముఖం చూసి, "నువ్వు లెక్క చూస్తున్నావు. నేను ఆట చూసినా" అని ఊరుకున్నారు. ఆ తర్వాత ఆయన నా ఎదుట నాయుడు మాట ఎత్తలేదు.

* * *

కొన్నేళ్ళ తర్వాత ఉద్యోగరీత్యా టొరంటో వెళ్ళాను. అక్కడ చలికాలంలో మాట్లాడుకోవడానికి వాతావరణం కాక మరొకటి ఉందంటే అది ఐస్ హాకీ. మన క్రికెట్ వాదాలు ఎంత ముదురుతాయో అక్కడి గోలీల మీద వాదాలు అంతే ముదురుతాయి. గోలీ అంటే గోల్‌కీపరు. ఏ కాలపు గోలీ గొప్ప అన్నది తండ్రీకొడుకుల మధ్య కూడా తెగని తగవు. నాతో పనిచేసే ఒక పెద్దాయన ఒకసారి నాకు ఈ అంకెల కథ చెప్పాడు. అప్పటినుంచీ దాన్ని నేను వదల్లేదు.

1928-29లో మాంట్రియల్ కెనేడియన్స్ జట్టుకు జార్జ్ హేన్స్‌వర్త్ అనే గోలీ ఉండేవాడు. ఆ ఏడు 44 ఆటలు ఆడి, అందులో 22 ఆటల్లో ఎదుటి జట్టుకు ఒక్క గోలూ ఇవ్వలేదు. అలాంటి ఆటను షటౌట్ అంటారు. ఆటకు సగటున అతను ఇచ్చిన గోల్స్ 0.92. ఆ 22ను ఒక్క సీజనులో మళ్ళీ ఎవరూ అందుకోలేదు. అంకెను మాత్రమే చూస్తే ప్రపంచంలో అతణ్ణి మించిన గోలీ పుట్టలేదు.

మరుసటి ఏడు అదే హేన్స్‌వర్త్, అదే జట్టు. షటౌట్లు 4. ఒక్క వేసవిలో అతని చేతులకు ఏమైంది? ఏమీ కాలేదు, నియమం మారింది. అంతకుముందు ఎదుటి జట్టు గోలు ఉన్న భాగంలో బంతిని ముందుకు పాస్ ఇవ్వకూడదు. (వాళ్ళ ఆటలో బంతి కాదు, నల్లని రబ్బరు బిళ్ళ, సౌకర్యం కోసం బంతి అంటున్నాను.) 1929-30 నుంచి మైదానంలో ఎక్కడైనా ముందుకు పాస్ ఇవ్వనిచ్చారు. అంతకుముందు ఏడు ఆటకు ఒక జట్టు సగటున ఒకటిన్నర గోల్స్ కూడా వేయలేదు. కొత్త నియమంతో అవి ఇంచుమించు రెట్టింపయ్యాయి. మనిషి మారలేదు, అతని చుట్టూ ఉన్న ఆట మారింది.

ఇంకో ఉదాహరణ. ఎడ్మంటన్ జట్టు గోలీ గ్రాంట్ ఫ్యూర్ 1987-88లో 75 ఆటలాడి 40 గెలిచాడు. అతని మీదికి వచ్చిన ప్రతి వంద షాట్లలో ఆపినవి 88.1. జట్ల మేనేజర్లు ఓటేసి ఆ ఏటి ఉత్తమ గోలీకి ఇచ్చే వెజినా ట్రోఫీ అతనికే ఇచ్చారు. 2015 ప్రాంతంలో లీగులో సగటు గోలీ ఆపుతున్నది నూటికి 91.5. ఆ కాలంలో 88 శాతంతో ఏ గోలీ ఉద్యోగమూ నిలిచేది కాదు. మరి ఫ్యూర్ 2015నాటి సాధారణ గోలీకన్నా తక్కువవాడా? 1980లలో లీగు సగటే నూటికి 87, 88 మధ్య ఉండేది. గోళ్ళ ముందు కట్టుకునే ప్యాడ్లు చిన్నవి, మోకాళ్ళ మీద కూలబడి గోలు అడుగుభాగాన్నంతా మూసే పద్ధతి ఇంకా అందరికీ అబ్బలేదు, పైగా ఫ్యూర్ జట్టు అందరికన్నా ముందుకు దూకి ఆడే జట్టు, వెనుక గోలీని ఒంటరిగా వదిలే జట్టు. ఓటేసిన మేనేజర్లు ఆ ఆటను కళ్ళతో చూసినవాళ్ళు.

ఈ చిక్కు తీర్చడానికి అక్కడి గణకులు ఒక సులువైన ఉపాయం పట్టారు. ఒక గోలీ అంకెను మరో కాలపు గోలీ అంకెతో పోల్చరు. అతని అంకెను అతని ఏటి లీగు సగటుతో పోల్చి, తేడాను మాత్రమే తీసుకుంటారు. బఫలో జట్టు గోలీ డొమినిక్ హాషెక్ 1998-99లో నూటికి 93.7 ఆపాడు. ఆ ఏడు లీగు సగటు 91కి కాస్త తక్కువ. అంటే వెయ్యి షాట్లకు, సాధారణ గోలీ వదిలేసేవాటిలో సుమారు ముప్పై గోల్స్ హాషెక్ ఆపాడన్నమాట. ఈ ముప్పై అనే అంకెను మరో కాలపు గోలీ తేడా పక్కన పెట్టవచ్చు. 93.7ను పెట్టకూడదు.

అయితే ఈ తేడా కూడా అన్నీ చెప్పదు. 1959 నవంబరు 1న న్యూయార్కులో జాక్ ప్లాంట్ ముఖానికి బంతి తగిలి చీలింది. కుట్లు వేయించుకుని, ముసుగు కట్టుకుని మళ్ళీ వచ్చి ఆడాడు. గోలీలు క్రమంగా ముసుగుకు అలవాటు పడింది ఆ తర్వాతే. అంతకుముందు దశాబ్దాలపాటు వాళ్ళు ఉత్త ముఖాలతో నిలబడ్డారు. ఉత్త ముఖానికీ ముసుగుకూ మధ్య ఉన్న దూరం ఏ శాతంలో కనపడుతుంది?

అదే రోజుల్లో మనకూ ఒక గోల్‌కీపరు ఉన్నాడు. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో, మన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణ ఇచ్చిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. గోలులో నిలబడ్డది తంగరాజ్. ఆ 2-1లో మనం వేసిన రెండున్నాయి, వదిలిన ఒకటి ఉంది. అతను ఆపినవి అందులో లేవు.

* * *

ఇదంతా తెలిశాక ఒక రాత్రి కాగితం తీసుకుని నాయుడు లెక్క మళ్ళీ వేశాను.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో పుట్టారు. కుటుంబం మూలాలు మచిలీపట్నానివి. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో, ఇంగ్లండునుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుమీద హిందూ జట్టు తరఫున రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో పదకొండు సిక్సర్లు. భారత జట్టు మొదటి టెస్టు 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైంది. ఆ రోజుకు నాయకుడు నాయుడు వయసు ముప్ఫై ఆరు. లక్ష్మణ్ ముప్ఫై ఏడో ఏట విరమించుకున్నాడు. అజరుద్దీన్ చివరి టెస్టు ఆడిందీ ముప్ఫై ఏడో ఏటనే. వాళ్ళు ముగించిన చోట నాయుడు మొదలుపెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు భారతదేశం ఆడిన టెస్టులు మొత్తం ఏడు. 1932లో ఒకటి, 1933-34లో మూడు, 1936లో మూడు. ఏడూ ఇంగ్లండుతోనే. ఐదు ఓడాం, రెండు డ్రా. ఆ ఏడింటిలోనూ నాయుడు ఉన్నారు. ఆయన "ఏడు టెస్టులే ఆడాడు" అన్న మాటను "ఉన్న టెస్టులన్నీ ఆడాడు" అని తిరగరాయాలని నాకు ఆ రాత్రి దాకా తోచలేదు. ఏడు టెస్టులు, పద్నాలుగు ఇన్నింగ్సులు, 350 పరుగులు. సగటు సరిగ్గా 25.

ఇప్పుడు గోలీల ఉపాయం. నాయుడు అంకెను లక్ష్మణ్ 45.97తో పోల్చవద్దు, నాయుడు కాలంతో పోల్చాలి. ఆ పద్నాలుగు ఇన్నింగ్సుల భారత స్కోర్లు వరసగా ఇవి: 189, 187, 219, 258, 247, 237, 145, 249, 147, 93, 203, ఐదు వికెట్లకు 390, 222, 312. కూడితే 3098. వికెట్టుకు సుమారు 23 పరుగులు, అదీ ఎక్స్‌ట్రాలతో కలిపి. మాంచెస్టరులో మర్చంట్, ముష్తాక్ అలీ చెరో సెంచరీ కొట్టిన ఆ 390ను పక్కన పెడితే వికెట్టుకు 21 కూడా రాదు. ఇరవై ఐదు అనే అంకె ఆ జట్టులో పల్లం కాదు, కొద్దిగా మెరక.

ఇక్కడ నిజాయితీగా ఉండాలి. ఈ లెక్క నాయుడును శిఖరానికి ఎక్కించదు. 1936లో ఆ మూడు టెస్టుల్లోనే విజయ్ మర్చంట్ 47 సగటుతో 282 పరుగులు చేశాడు. పోలిస్తే మర్చంట్ ముందున్నాడు. లక్ష్మణ్‌కూ ఇదే కొలత వర్తిస్తుంది. అతని 45.97 పక్కన టెండూల్కర్ 53.78, ద్రావిడ్ 52.31, సెహ్వాగ్ 49.34 ఉన్నాయి. ఒట్టి సగటు చూసేవాడికి లక్ష్మణ్ ఆ వరసలో నాలుగోవాడు. ఈడెన్‌లో ఆ రోజు ఆట చూసినవాడెవడూ ఆ మాట అనడు. అంటే 2001లో నేనూ ఆటనే చూశాను. లెక్కను తాత మీదికి మాత్రమే విసిరాను.

ఇంకొక సంగతి ఉంది. ఇదే నన్ను ఎక్కువ సిగ్గుపరిచింది. పద్నాలుగు ఇన్నింగ్సులు అసలు ఒక మనిషిని కొలవడానికి సరిపోతాయా?

మన ఊళ్ళవాళ్ళనే తీసుకుందాం. అజరుద్దీన్ 1984-85లో ఇంగ్లండు మీద తన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టాడు. ఆ సిరీస్ ముగిసేసరికి అతని సగటు 109.75. బ్రాడ్‌మన్ జీవితకాలపు సగటు 99.94. అక్కడితో యుద్ధమో మరొకటో వచ్చి క్రికెట్ ఆగిపోయి ఉంటే, పుస్తకాల్లో బ్రాడ్‌మన్ పైన అజరుద్దీన్ పేరుండేది. ఆట సాగింది, 99 టెస్టులకు అతని సగటు 45.03 దగ్గర స్థిరపడింది. లక్ష్మణ్ కథ ఇందుకు తలకిందులు. 1996 నవంబరులో అహ్మదాబాదులో మొదటి టెస్టు ఆడి, మొదటి సెంచరీ కోసం 2000 జనవరి దాకా, సిడ్నీలో ఆ 167 దాకా, మూడేళ్ళకు పైగా వేచి ఉన్నాడు. 1999లో క్రికెట్ ఆగిపోయి ఉంటే లక్ష్మణ్ కూడా "ఒక్క సెంచరీ లేని" ఆటగాడే. ఇద్దరికీ కాలం సాయపడింది. 134 టెస్టులు ఆడే అవకాశం ఉన్న కాలం లక్ష్మణ్‌ది. నాయుడుకు దొరికింది నాలుగేళ్ళలో ఏడు టెస్టులు, ముప్ఫై ఆరునుంచి నలభయ్యో ఏడు దాకా.

చివరి టెస్టు 1936లో ఓవల్ మైదానంలో. రెండో ఇన్నింగ్సులో ఇంగ్లండు నాయకుడు గబ్బీ అలెన్ వేసిన బంతి గుండె పైన తగిలింది. తట్టుకుని ఆడి 81 పరుగులు చేశారు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధికం, అదే ఆఖరిది. హెల్మెట్లు, ఛాతీకి రక్షణ కవచాలు రావడానికి ఇంకా దశాబ్దాలుంది. వాన పడితే పిచ్ తడిసేది. మరునాడు దాని మీదనే ఆడాలి. అది ప్లాంట్ ముందునాటి గోలీల ఉత్త ముఖంలాంటిది. సగటులో కనపడదు.

కొంచెం విశాలమైన లెక్క కావాలంటే 1932 ఇంగ్లండు యాత్ర ఉంది. ఇరవై ఆరు ఫస్ట్ క్లాస్ ఆటలు, అన్నింటిలోనూ నాయుడు ఉన్నారు. 1618 పరుగులు, సగటు 40.45, ఐదు సెంచరీలు. బంతితో 65 వికెట్లు. 1933లో విజ్డెన్ ఆయనను ఆ ఏటి ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది. మొత్తం ఫస్ట్ క్లాస్ జీవితంలో 207 ఆటలు, 11825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగిన 1953-54లో దానికి నాయకత్వం వహించింది ఆయనే, యాభై ఎనిమిదేళ్ళ వయసులో. 1956-57లో అరవై దాటాక కూడా ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. ఇవన్నీ నేను 2001లోనూ తెలుసుకోగలిగినవే. ఒక్క ఇరవై ఐదు చాలనుకున్నాను.

* * *

మా ఊళ్ళో నవబ్రహ్మ ఆలయాలు చూడటానికి వచ్చినవాళ్ళు కొందరు సంగమేశ్వరాలయం కూడా చూసి వెళతారు. అది మా ఊరిది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లిలో ఉండేది. బాదామి చాళుక్యుల కాలంనాటి గుడి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని, రాయీ రాయీ విప్పి, అంకెలు వేసి, అలంపురం తెచ్చి మళ్ళీ అదే వరసలో కట్టారు. కూడవెల్లిలో అది ఉన్నప్పుడు తాత సంగమ స్నానానికి వెళ్ళేవారు. నా చిన్నతనంలో ఒకసారి నన్ను ఈ కొత్తచోటికి తీసుకొచ్చి, అధిష్ఠానం మీది మకరాలను చేత్తో తడిమి అన్న మాట నాకు గుర్తుంది: "రాళ్ళన్నీ అవే నాయనా. ఏరే లేదు."

నేను చేసింది అదే. ఇరవై ఐదును దాని ఏటి ఒడ్డునుంచి పెకలించి తెచ్చి 2001లో నిలబెట్టాను. ఒక్క పరుగూ పోలేదు. అంకె సరైనదే. అది నిలబడ్డ నీళ్ళే లేవు.

అంకెలు వద్దని నేననను. తాత జ్ఞాపకంలో సిక్సర్లు ఏటేటా పెరిగేవని పైన రాశాను. జ్ఞాపకానికి అదుపు అంకెలే. హేన్స్‌వర్త్ 22ను సరిగా అర్థం చేసుకోవడానికి కూడా ఆ మరుసటి ఏటి 4 అనే అంకెే కావలసివచ్చింది. నేననేది ఇంతే. ఒక కాలపు అంకె ఆ మనిషి తన కాలానికన్నా ఎంత ఎత్తున ఉన్నాడో చెబుతుంది. రెండు కాలాల మనుషుల్లో ఎవరు పొడుగో చెప్పదు. ఆ అంకె పద్నాలుగు ఇన్నింగ్సులదైతే ఆ మొదటి సంగతి కూడా గట్టిగా చెప్పలేదు. అలాంటిచోట చూసినవాడి మాట వినాలి. దాన్ని కొలిచి వినాలి, కానీ వినాలి.

తాతను నేను అడగవలసిన ప్రశ్నలు చాలా ఉండేవి. నాయుడు బ్యాటు ఎలా ఎత్తేవారు? సికింద్రాబాదులో ఆ రోజు ఎదుట ఎవరు బంతి వేశారు? జనం ఎక్కడ కూర్చునేవారు? ఆ ప్రశ్నలకు ఏ స్కోరు పట్టికలోనూ జవాబులుండవు. ఒక్క మనిషి దగ్గర ఉండేవి. ఆయనను నేను ఒక సగటుతో మాట్లాడకుండా చేశాను.

మీ ఇళ్ళలో ఆట చూసిన పెద్దలు ఇంకా ఉంటే, లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు అడగండి.